బొమ్మా? బొరుసా? చిన్న నిర్ణయాల్లో టాస్, చీటీల సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం సాయంత్రం ఎక్కడికి వెళ్దాం అని నాలుగింటికి మొదలైన మాట, ఏడింటికి "ఇంక ఈ పూటకి వద్దులే" దగ్గర ఆగిపోయే ఇళ్ళు మన విశాఖలో చాలా ఉన్నాయి. భీమిలి దూరమని ఒకరు, ఆర్కే బీచ్ నిండా జనమని ఇంకొకరు, కైలాసగిరి మొన్ననేగా వెళ్ళాం అని మరొకరు. ఇలాంటప్పుడు ఒక రూపాయి బిళ్ళో నాలుగు చీటీలో ఎంత పని చేసిపెడతాయో తెలిసినవాళ్ళకి చెబుతూనే ఉంటాను. వాళ్ళు తిరిగి తిరిగి అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి.

ఇది నిర్ణయాన్ని అదృష్టానికి వదిలేయడమే కదా?

చివరి అడుగు ఒక్కటే వదిలేస్తున్నాం. ఏయే దారులున్నాయి, వాటిలో అసలు పనికిరానివి ఏవి, మిగిలినవాటిలో ఏది వచ్చినా సరేనా, ఇదంతా చూసుకోవాల్సింది మనమే. ఆ పని సరిగ్గా చేస్తే నాణెం ఎటు పడినా మీకు ఇష్టమైనదే వస్తుంది. ఆ పని చేయకుండా నాణెం ఎగరేస్తే మాత్రం మీరన్నట్టు అది వదిలేయడమే.

దీని మీద నాకున్న గట్టి అభిప్రాయం ఒక్కటే. టాస్ వేయడానికి అర నిమిషం పడుతుంది, జాబితా రాయడానికి పది నిమిషాలు పడుతుంది. మేలు జరిగేది ఆ పది నిమిషాల్లోనే.

ఎలాంటి నిర్ణయాలకు ఇది పనికొస్తుంది?

నేనైతే మూడు సంగతులు చూసుకుంటాను. ఏది వచ్చినా నాకు ఫరవాలేదా? నచ్చకపోతే తర్వాత మార్చుకోవచ్చా? ఇంకాస్త ఆలోచిస్తే, లేదా ఎవరినైనా అడిగితే, కొత్తగా ఏమైనా తెలుస్తుందా? మొదటి రెండింటికీ అవునని, మూడోదానికి లేదని వస్తే టాస్ వేసేయొచ్చు.

ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. అద్దెకి రెండు ఇళ్ళు చూశారనుకోండి, ఒకటి సీతమ్మధారలో, ఇంకొకటి ఎంవీపీ కాలనీలో. అద్దె సమానం, గదులు సమానం, ఆఫీసు దూరం కూడా ఇంచుమించు ఒకటే. నాలుగు రోజులుగా తేలక టాస్ వేద్దామంటారు. వద్దు, ముందు పక్క వాటాలో ఉన్నవాళ్ళని "అమ్మా, ఎండాకాలంలో నీళ్ళ పరిస్థితి ఎలా ఉంటుంది? ట్యాంకర్ తెప్పించుకుంటారా?" అని అడగండి. ఆ ఒక్క మాటతో తేలిపోయే విషయానికి నాణెం ఎందుకు? అడగాల్సినవన్నీ అడిగాక కూడా రెండూ సమానంగానే ఉంటే అప్పుడు టాస్ వేయండి. ఆ పైన ఇంకో వారం మల్లగుల్లాలు పడితే దక్కేది టెన్షన్ ఒక్కటే. ఈలోగా రెండిట్లో ఒక ఇల్లు ఎవరో తీసేసుకుంటారు కూడా.

రోజువారీ పనుల్లో ఇలాంటివి బోలెడు. చేయాల్సినవి మూడు పనులుండి ఏదీ మొదలుపెట్టబుద్ధి కాకపోవడం, ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి వంజరమా చందువా అని బుట్టల మధ్య తిరగడం, పుట్టినరోజుకి రెండు చీరల్లో ఏది కట్టాలో తేలకపోవడం లాంటివి.

ఎక్కడ వాడకూడదు?

ప్రాణం మీదకి వచ్చేవాటికి వద్దు. రుషికొండలోనో యారాడలోనో కెరటాలు ఉరుముతుంటే నీళ్ళలోకి దిగాలా వద్దా అన్నది టాస్ వేసే విషయం కాదు. మన తీరంలో అలలు వెనక్కి లాగే తీరు చాలా ప్రమాదకరం, ఏటా కుటుంబాలు ఏడుస్తూనే ఉన్నాయి. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ప్రయాణాలూ అంతే.

వైద్యానికి వద్దు. ఇక్కడ ఒకరు మంచి ప్రశ్న అడిగారు: "కొత్త మందులు పరీక్షించేటప్పుడు రోగుల్ని లాటరీ తీసినట్టు రెండు జట్లుగా విడగొడతారు కదా, మరి అదేంటి?" నిజమే. 1947లో బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ పరీక్షించినప్పుడు ఎవరికి మందు ఇవ్వాలో ముందే తయారుచేసిన యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం, సీలు వేసిన కవర్లతో తేల్చారు. దాని వెనుక ఉన్నది ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక శాస్త్రవేత్త. ఆ మందు అదనంగా ఎంత మేలు చేస్తుందో అప్పటికి ఎవరికీ రూఢిగా తెలియదు, తెలుసుకోవడానికే పరీక్ష పెట్టారు. మీ డాక్టర్‌కి మీ సంగతి తెలుసు. తెలిసినవాళ్ళు ఉన్నచోట నాణేనికి పని లేదు.

ఇంకొకరి జీవితం మీద, వాళ్ళ ఒప్పుకోలు లేకుండా టాస్ వేయకండి. అమ్మాయికి ఏ సంబంధం చేయాలో తండ్రి చీటీలు తీయడం నాకు నచ్చదు. ఆ పిల్లను అడగాలి.

టాస్ పడ్డాక మనసు ఒప్పుకోకపోతే?

అయితే నాణెం పని చేసినట్టే! గాల్లో తిరుగుతున్నప్పుడే "బొమ్మ పడితే బాగుండు" అని లోపల ఎవరో అంటారు. పడ్డాక గుండె కాస్త జారినట్టు అనిపిస్తే మీకు కావలసింది రెండోదని తెలిసిపోయింది. ఒంటరిగా తీసుకునే నిర్ణయమైతే నిస్సంకోచంగా రెండోదానికే వెళ్ళండి.

రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. ఆ జారడం ఇష్టం లేకపోవడం వల్లనా, భయం వల్లనా అన్నది చూసుకోండి. పదేళ్ళుగా అనుకుంటున్న సంగీతం క్లాసులో చేరమని బొమ్మ పడినప్పుడు గుండె దడదడలాడితే అది వద్దనే సంకేతం కాకపోవచ్చు. రెండోది, పక్కన ఇంకొకరు ఉండి ఇద్దరూ ఒప్పుకుని వేసిన టాస్ అయితే మనసు మారినా మాట తప్పకూడదు. "ఐదులో మూడు చూద్దాం" అని సాగదీసేవాళ్ళతో మళ్ళీ ఎవరూ టాస్‌కి దిగరు.

ఉద్యోగం మానేయడం లాంటి పెద్ద నిర్ణయాలకు?

నేను టాస్ వేయమని చెప్పను. కానీ దీని మీద ఒక ఆసక్తికరమైన అధ్యయనం ఉంది. అమెరికా ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్, ఎటూ తేల్చుకోలేక సతమతమవుతున్నవాళ్ళని పిలిచి ఆన్‌లైన్‌లో నాణెం ఎగరేయించారు. 20,000కు పైగా టాస్‌లు పడ్డాయి. ఉద్యోగం మానాలా, బంధం తెంచుకోవాలా లాంటి బరువైన ప్రశ్నలు కూడా వాటిలో ఉన్నాయి. మార్పు చేయమని నాణెం చెప్పినవాళ్ళు నిజంగానే మార్పు చేయడానికి ఎక్కువ మొగ్గారు. పెద్ద నిర్ణయాల్లో అలా మారినవాళ్ళు, మారనివాళ్ళకంటే ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నామని చెప్పారు.

దీన్ని పట్టుకుని రేపే రాజీనామా ఇచ్చేయకండి. ఆ టాస్‌కి వచ్చినవాళ్ళు అప్పటికే ఒక కాలు బయటపెట్టినవాళ్ళు, సంతోషం ఎంతో చెప్పింది కూడా వాళ్ళే. నాకు అందులో నచ్చిన సంగతి వేరు. చాలాకాలంగా రెండు వైపులా సమానంగా తూగుతోందంటే, మనం సహజంగానే ఉన్నచోటు వైపు కాస్త ఎక్కువ తూకం వేస్తాం కాబట్టి, నిజానికి మార్పు వైపే ముల్లు మొగ్గి ఉండొచ్చు.

నాణెం నిజంగా సగం-సగమేనా?

దాదాపు. ఎగరేసే ముందు ఏ వైపు పైన ఉందో, అదే వైపు పడే అవకాశం వెంట్రుకవాసి ఎక్కువ. గణితవేత్త పెర్సీ డయాకోనిస్, ఇంకో ఇద్దరు కలిసి 2007లో ఇది లెక్కగట్టి సుమారు 51 శాతం అన్నారు. తర్వాత ఒక బృందం పట్టుబట్టి చేత్తోనే 3,50,757 సార్లు నాణేలు ఎగరేసి చూసింది. 50.8 శాతం వచ్చింది. ఆదివారం షికారుకి ఈ తేడా లెక్కలోది కాదు. పట్టింపు ఉంటే, ఎగరేసేవాళ్ళు నాణేన్ని గుప్పిట్లో ఊపి, ఏ వైపు పైన ఉందో చూడకుండా ఎగరేస్తే సరి. అవతలివాళ్ళు అది గాల్లో ఉన్నప్పుడు కోరుకోవాలి.

నాణెం మీదే అనుమానమా? వంగిందో, అరిగిందో? దానికీ మందుంది. గణితవేత్త జాన్ వాన్ న్యూమన్ చెప్పిన కిటుకు ఇది. రెండేసి సార్లు ఎగరేయండి. మొదట బొమ్మ, తర్వాత బొరుసు పడితే మీరు. మొదట బొరుసు, తర్వాత బొమ్మ పడితే అవతలివాళ్ళు. రెండుసార్లూ ఒకటే పడితే లెక్కలోంచి తీసేసి మళ్ళీ రెండుసార్లు. నాణెం ఎంత మోసకారిదైనా ఆ రెండు వరుసలకీ అవకాశం సమానమే.

ఒక చిన్న మాట: సింహాలున్న వైపు బొమ్మ, అంకె ఉన్న వైపు బొరుసు అని ఎగరేయక ముందే పైకి అనుకోండి. పడ్డాక దీని మీద తగువు పడటం నేను చాలాసార్లు చూశాను.

నేను టాస్ వేస్తే ఎప్పుడూ ఓడిపోతాను. నా చేతిలో ఏదైనా దోషముందా?

లేదు. దీనికి మన ఊళ్ళోనే పెద్ద ఉదాహరణ ఉంది. భారత పురుషుల క్రికెట్ జట్టు 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్లో టాస్ ఓడింది. అక్కడి నుంచి వన్డేల్లో వరుసగా 20 టాస్‌లు పోయాయి. మధ్యలో రోహిత్ శర్మ, శుభ్‌మన్ గిల్, కేఎల్ రాహుల్, ఇలా కెప్టెన్లు మారారు, దేశాలు మారాయి, మైదానాలు మారాయి. టాస్ మాత్రం రాలేదు. చివరికి 2025 డిసెంబర్ 6న, మన పీఎం పాలెం స్టేడియంలో దక్షిణాఫ్రికాతో మ్యాచ్‌లో రాహుల్ ఎడమ చేత్తో నాణెం ఎగరేశాడు, టాస్ గెలిచాడు. మ్యాచ్ గెలిచినంత సంబరం అతని మొహంలో!

అప్పట్నుంచి ఎడమ చెయ్యి మహిమ అనీ, వైజాగ్ మహిమ అనీ మనవాళ్ళు అంటున్నారు. ఊరి మీద ప్రేమ నాకూ ఉంది, కానీ నాణేనికి చెయ్యీ ఊరూ తెలియవు. వరుసగా 20 ఓడిపోయే అవకాశం ఎంతో చూడండి: రెండుని ఇరవైసార్లు హెచ్చిస్తే 10,48,576. అంటే సుమారు పదిన్నర లక్షల్లో ఒకటి. చాలా అరుదే. అయితే ఇరవయ్యో టాస్ పోయాక, ఇరవై ఒకటోది గెలిచే అవకాశం మాత్రం సరిగ్గా సగమే. మొదటి టాస్‌కి ఎంతో దానికీ అంతే. ఇన్నిసార్లు ఓడాం కాబట్టి ఈసారి వచ్చి తీరాలి అనుకోవడం తప్పు. ఇన్నిసార్లు ఓడాం కాబట్టి ఇంక రాదు అనుకోవడమూ అంతే తప్పు.

అదే వరుస మధ్యలో, 2025 ఛాంపియన్స్ ట్రోఫీలో భారత్ ఐదు మ్యాచ్‌లు ఆడింది. ఐదు టాస్‌లూ ఓడింది, ఐదు మ్యాచ్‌లూ గెలిచి కప్పు తెచ్చింది. టాస్‌తో మొదట ఎవరు బ్యాటింగ్ చేయాలో తేలుతుంది. ఆడాల్సింది ఆటగాళ్ళే. మీ చిన్న నిర్ణయాలకీ ఇది వర్తిస్తుంది. యారాడ వచ్చినా భీమిలి వచ్చినా, వెళ్ళాక ఆ సాయంత్రాన్ని బాగా గడపడం మీ చేతిలో పని.

నలుగురికీ సంబంధించిన విషయంలో చీటీలు ఎలా వేయాలి?

దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే గొడవలొచ్చేది ఇక్కడే.

మా అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ పార్కింగ్ చోట్లు చీటీలతోనే పంచుకున్నాం. స్తంభం పక్కన ఇరుకు చోటు ఎవరికీ వద్దు, ర్యాంపు దిగగానే ఉన్నది అందరికీ కావాలి. మొదట రాత్రి మీటింగ్‌లో గంటన్నర కేవలం నియమాల మీదే మాట్లాడుకున్నాం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకి లిఫ్ట్ పక్క చోటు చీటీల్లో కలపకుండానే ఇచ్చేయాలని అందరూ ఒప్పుకున్నారు. రెండు కార్లున్నవాళ్ళకి రెండో చోటు అందరిదీ అయ్యాకే అన్నారు. చీటీ వచ్చాక మార్పిడి చేసుకోవచ్చా? ఇద్దరికీ ఇష్టమైతే చేసుకోవచ్చు, డబ్బు మాత్రం పుచ్చుకోకూడదు. ఇవన్నీ మినిట్స్ పుస్తకంలో రాశాకే కాగితాలు చింపాం.

చీటీల్లో కూడా మెళకువలున్నాయి. ఒకే కాగితం, ఒకే కొలత, ఒకే పెన్ను. రెండు మడతలు, అన్నిటికీ ఒకేలా. పల్చటి కాగితమైతే అంకె బయటికి కనబడుతుంది, నోట్‌బుక్ అట్ట లాంటి దళసరిది మేలు. వేసిన చీటీలు ఎన్నో అందరి ఎదుట లెక్కపెట్టాలి. గిన్నె కంటే లోతైన స్టీలు డబ్బా మంచిది, చెయ్యి లోపలికి వెళ్తే లోపల ఏముందో కనబడదు. బాగా కుదపాలి, ఆఖర్న వేసిన చీటీ పైనే ఉండిపోతుంది. తీసేది ఆ ఫలితంతో సంబంధం లేనివాళ్ళయి ఉండాలి. మా దగ్గర వాచ్‌మన్ గారి ఆరేళ్ళ పాప తీసింది. తీసిన ప్రతి చీటీనీ విప్పి, అందరికీ చూపించి, గట్టిగా చదివి, పుస్తకంలో రాశాం. మిగిలిన చీటీలు కూడా చివర్లో విప్పి చూపించాలి. ఇది మర్చిపోతే "అన్నిట్లోనూ ఒకే నంబర్ రాశారేమో" అనే గుసగుస నెలల తరబడి ఉంటుంది.

ఈ జాగ్రత్తలు మనం కనిపెట్టినవి కావు. తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనాలు క్రీ.శ. 920 ప్రాంతానివి, చోళరాజు మొదటి పరాంతకుడి కాలానివి. గ్రామసభ సభ్యుల్ని చీటీలతో ఎలా ఎంచుకోవాలో వాటిలో వివరంగా ఉంది. తాటాకు ముక్కల మీద పేర్లు రాసి కుండలో వేయాలి. అందరి ఎదుటా కుదపాలి. లోపల ఏముందో ఎరగని చిన్న పిల్లవాడి చేత తీయించాలి. ఆ ఆకును అందుకునే పెద్దమనిషి ఐదు వేళ్ళూ చాచిన అరచేత్తోనే అందుకోవాలి. ఎందుకంటారా? ముడిచిన చేతిలో వేరే ఆకు దాచి మార్చేయొచ్చు కాబట్టి. వెయ్యేళ్ళ కిందట ఎవరో అలా మోసం చేసి ఉంటారు, లేదా చేస్తారని ఎవరో ముందే ఊహించి ఉంటారు. ఆ కుండలోకి ఎవరి పేరు పడితే వాళ్ళ పేరు వెళ్ళదు. భూమి ఉండాలి, వయసు 35 నుంచి 70 మధ్య ఉండాలి, పూర్వం పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాళ్ళు పనికిరారు. అర్హత మొదట చూసి, అర్హుల్లోనే అదృష్టాన్ని అడిగారు. మా పార్కింగ్ మీటింగ్ గంటన్నర సాగడం ఎందుకు మంచిదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

చీటీలో పేరు వచ్చినవాళ్ళు గెలిచినట్టా, ఓడినట్టా?

ముందే అనుకోవాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మన ప్రజాప్రాతినిధ్య చట్టం 1951 ప్రకారం శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో ఇద్దరికి సమానంగా ఓట్లొస్తే రిటర్నింగ్ అధికారి చీటీ తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్ళకి ఒక ఓటు అదనంగా వచ్చినట్టు లెక్క, అంటే గెలుపు. 2024 ఫిబ్రవరిలో హిమాచల్‌లో రాజ్యసభ ఎన్నికలో ఇద్దరికీ 34 చొప్పున ఓట్లొచ్చాయి. చీటీ తీశారు. కాంగ్రెస్ అభ్యర్థి పేరు వచ్చింది. గెలిచింది బీజేపీ అభ్యర్థి! ఆ ఎన్నిక నియమం ప్రకారం పేరు వచ్చినవాళ్ళు తప్పుకోవాలి. చాలామంది తెల్లబోయారు. ఇంట్లో గిన్నెలు తోమే వంతుకైనా "వచ్చినవాళ్ళు తోమాలా, తప్పించుకున్నట్టా" అని ముందే పైకి అనేసుకోండి.

మా అమ్మమ్మ దేవుడి ముందు చీటీలు వేసి పాపతో తీయిస్తుంది. ఇది అదేనా?

చేసే పని ఒకటే, నమ్మకం వేరు. ఆవిడ ఆ చీటీలో స్వామి మాట వింటుంది. సింహాచలం అప్పన్న సన్నిధి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని తీసిన చీటీని నేను తక్కువ చేసి మాట్లాడను. ఆవిడ కూడా దేవుడి ముందు పెట్టేది తనకు ఒప్పుదలైన రెండు దారుల్నే. ఒప్పుదల లేనిదాన్ని చీటీలో రాయదు. తీశాక మళ్ళీ ఆ మాట ఎత్తదు, వెనక్కి తిరిగి చూడదు. ఆ ప్రశాంతత ఆవిడ దగ్గర నేర్చుకోవాల్సింది. తిరుమలలో ఆర్జిత సేవలకు ఎలక్ట్రానిక్ డిప్ తీస్తారు కదా, కొద్దిపాటి టికెట్లకు లెక్కలేనంత మంది భక్తులు. అక్కడ చీటీ కంటే న్యాయమైన దారి నాకు తోచదు.

ప్రభుత్వాలూ ఇదే చేస్తాయి. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేదపిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్లకు లాటరీ తీస్తారు. 2024 అక్టోబర్‌లో మన రాష్ట్రంలో 3,396 మద్యం దుకాణాలకు జిల్లాల వారీగా డ్రా తీసింది గుర్తుండే ఉంటుంది.

ఇది జూదం కాదా?

కాదు. జూదంలో డబ్బు ఒడ్డుతారు, ఒకరి నష్టం ఇంకొకరి లాభం. ఇక్కడ ఒడ్డేదేమీ లేదు. ఎవరైనా "టాస్ ఓడినవాళ్ళు వెయ్యి ఇవ్వాలి" అంటే అక్కడితో లేచి వచ్చేయండి.

నాణెం లేదు. మనసులో ఏదో ఒక నంబర్ అనుకుంటే?

మనసు ఆ పనికి పనికిరాదు. ఒకటి నుంచి పదిలోపు ఒక అంకె చెప్పమంటే ఎక్కువమంది ఏడు అంటారు. అదీగాక, ఎవరికి మేలు జరగాలో మనసుకి ముందే తెలుసు.

జేబులో నోటు ఉంటే దాని సీరియల్ నంబర్‌లో చివరి అంకె చూడండి, సరి అయితే ఒకటి, బేసి అయితే ఇంకొకటి. రోడ్డు మీద వెళ్ళే బండి నంబర్ మాత్రం వద్దు. మనవాళ్ళు కూడితే తొమ్మిది రావాలనీ, ఫ్యాన్సీ నంబర్ కావాలనీ రవాణా శాఖకు డబ్బు కట్టి మరీ ఎంచుకుంటారు. మద్దిలపాలెం జంక్షన్‌లో పది నిమిషాలు నిలబడితే ఆ సంగతి తెలుస్తుంది.

ఫోన్‌లో యాప్?

నిక్షేపంలా వాడొచ్చు. గూగుల్‌లో "ఫ్లిప్ ఎ కాయిన్" అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే నాణెం అదే ఎగరేస్తుంది. నలుగురు కలిసి ఉన్నప్పుడు మాత్రం నేను చీటీలకే ఓటేస్తాను. ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళ మీద ఒక కన్ను పడుతుంది, డబ్బాని అందరూ చూడొచ్చు.

నాకు ఒకటి కొంచెం ఎక్కువ ఇష్టం. అప్పుడూ సగం-సగమేనా?

అక్కర్లేదు. లూడో పాచిక తీసుకోండి. ఆరు ముఖాల్లో ఒకటి నుంచి నాలుగు వరకు ఎక్కువ ఇష్టమైనదానికి, ఐదు, ఆరు రెండోదానికి. ఇలా చేస్తే ఇష్టానికి విలువ ఇచ్చినట్టూ ఉంటుంది, రెండోదాన్ని పూర్తిగా మర్చిపోకుండానూ ఉంటాం.

నాకు బాగా నచ్చిన వాడకం ఇదే. మనం అలవాటు పడ్డ హోటల్, అలవాటు పడ్డ దారి, అలవాటు పడ్డ దోసె. బాగున్నాయి కాబట్టే అలవాటయ్యాయి, అందులో తప్పు లేదు. అయితే ఇంతకంటే మంచిది పక్క వీధిలో ఉందేమో ఎలా తెలుస్తుంది? 2014 ఫిబ్రవరిలో లండన్ మెట్రోలో రెండు రోజుల సమ్మె జరిగింది. రోజూ వెళ్ళే స్టేషన్లు మూతపడి జనం తప్పనిసరై వేరే దార్లు పట్టారు. తర్వాత ఆర్థికవేత్తలు ప్రయాణ కార్డుల లెక్కలు చూస్తే, సుమారు నూటికి ఐదుగురు సమ్మె ముగిశాక కూడా ఆ కొత్త దారిలోనే వెళ్ళారు. అంటే ఏళ్ళ తరబడి వెళ్తున్న దారి కంటే మెరుగైనది ఉన్నా వాళ్ళకి తెలియలేదు. మనకి సమ్మె రానక్కర్లేదు. వారానికోసారి పాచిక వేయండి. ఆరు పడితే ఎప్పుడూ వెళ్ళని చోటికి వెళ్ళండి. ఎన్నేళ్ళుగానో ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ, తొట్లకొండ మీద బౌద్ధ స్తూపాల మధ్య నుంచి సముద్రాన్ని ఒక్కసారీ చూడని విశాఖవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

పిల్లల గొడవలకు?

బాగా పనిచేస్తుంది, పిల్లలకి న్యాయం మీద పట్టుదల ఎక్కువ. పంటలు వేసుకుని దొంగని తేల్చుకునేది వాళ్ళే కదా. రోజూ వచ్చే గొడవకి మాత్రం టాస్ కంటే వంతులే మంచివి. కిరండూల్ పాసింజర్‌లో అరకు వెళ్ళేటప్పుడు కిటికీ సీటు ఎవరిదంటే, బొర్రా గుహల వరకు ఒకరు, అక్కణ్ణుంచి ఇంకొకరు. మొదటి వంతు ఎవరిదన్న దానికే టాస్. వరుసగా మూడు టాస్‌లు ఓడిన చిన్నపిల్లకి "అవకాశం సమానమే" అని చెబితే ఓదార్పు దొరకదు.

ఇదంతా లెక్కలవాళ్ళ వ్యవహారమా?

ఎవరైనా చేయొచ్చు. కానీ లెక్క మీద ఇష్టం పుడితే సంతోషమే, ఆ ఇష్టానికి విశాఖలో మంచి వారసత్వం ఉంది. యాదృచ్ఛికతను లొంగదీసి పనికి పెట్టిన శాస్త్రంలో ప్రపంచంలోనే పెద్ద పేరు సి.ఆర్. రావు గారిది. ఆయన ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, ఆ తర్వాత కలకత్తా వెళ్ళారు. ఆయన 1945లో రాసిన పరిశోధన పత్రం ఇప్పటికీ గణాంక శాస్త్రానికి పునాది రాళ్ళలో ఒకటి. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, ఆయనకి అంతర్జాతీయ గణాంక బహుమతి ఇచ్చారు. ఆ కాలేజీ ముందు నుంచి రోజూ వెళ్ళే పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసోనని నాకు దిగులుగా ఉంటుంది.

నాణెం చెప్పినట్టు చేశాను, తేడా కొట్టింది. తప్పెవరిది?

జాబితాలో రాసింది మీరు, కాబట్టి బాధ్యత మీదే. "నేనేం చేయను, టాస్ అలా పడింది" అని ఇంట్లోవాళ్ళతో అనకండి. అయితే ఫలితం చెడ్డదైనంత మాత్రాన నిర్ణయం చెడ్డదని కాదు. ఆ పూటకి తెలిసినదాన్నిబట్టి రెండూ సమానంగానే ఉన్నాయా అని చూసుకోండి. ఉంటే, వాన పడి యారాడ కొండ మీద తడిసినందుకు ఎవరినీ తిట్టక్కర్లేదు. లేకపోతే, వచ్చేసారి జాబితాలోంచి ఏది తీసేయాలో తెలిసింది.

మూడు ఉంటే నాణెంతో ఎలా?

రెండుసార్లు ఎగరేయండి. బొమ్మ-బొమ్మ మొదటిది, బొమ్మ-బొరుసు రెండోది, బొరుసు-బొమ్మ మూడోది. బొరుసు-బొరుసు పడితే మళ్ళీ మొదటి నుంచి. ఐదు ఉంటే పాచిక తీసుకోండి, ఆరు పడినప్పుడల్లా ఇంకోసారి వేయండి.